చిట్టా నేర్పిన సన్యాసి: లూకా పచోలీ

వర్తకునకు పెట్టుబడి యొక కన్ను, లెక్క రెండవ కన్ను. పెట్టుబడి తక్కువైనవాడు ఎట్లో నిలదొక్కుకొనవచ్చును గాని, లెక్క చూచుకొననివాడు నిలువలేడు. ఈ సంగతి షోలాపూర్ దాజీ పేట్‌లో పుట్టి పెరిగినవారికి ఒకరు చెప్పనక్కరలేదు. తెలుగు సీమనుండి తరలివచ్చిన పద్మశాలీలు మగ్గములు వేసికొని స్థిరపడిన పేట అది. అక్కడ ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, నూలు సావుకార్ల గద్దెలమీద గుజరాతీ, మార్వాడీ వినవచ్చును. నూలు అప్పిచ్చినవానికిని, చద్దరు నేసినవానికిని నడుమ ఎన్ని భాషలు మారినను లెక్క మాత్రము ఒక్కటే. పూర్వము ఎఱ్ఱ గుడ్డ అట్టల బహీలలో జమ, నావె అని వ్రాసిన లెక్కయే నేడు కంప్యూటరు తెరమీద క్రెడిట్, డెబిట్ అని కనబడుచున్నది.

నేటి పిల్లలు టాలీ వంటి సాఫ్ట్‌వేర్‌లో పద్దులు చకచక ఎక్కింతురు. అయినను డెబిట్ అనగా నేమి, క్రెడిట్ అనగా నేమి అని అడిగినచో, డెబిట్ అనగా పోయినది, క్రెడిట్ అనగా వచ్చినది అని చెప్పువారే ఎక్కువ. అది సరియైన అర్థము కాదు. ఆ పొరపాటు అర్థముతోనే లెక్క నడపినచో తెరమీద లాభము, పెట్టెలో నష్టము కనబడును. ఈ రెండు మాటల మర్మమును మొట్టమొదట అచ్చు పుస్తకములో విడమరచి చెప్పినవాడు వర్తకుడు కాదు, ఒక సన్యాసి. తనకంటూ ఆస్తి వద్దని వ్రతము పట్టినవాడు ఆస్తిపరులకు లెక్క నేర్పెను. ఆయనయే లూకా పచోలీ.

బాల్యము

ఇటలీ దేశపు నడుమ, టైబర్ నది ఎగువ లోయలో సాన్సెపోల్‌క్రో అను చిన్న పట్టణము కలదు. పచోలీ అక్కడ సుమారు 1447వ సంవత్సరమున జన్మించెను. తండ్రి పేరు బార్తొలొమేయో. ఆ కాలమున ఇటలీ పట్టణములలో వర్తకుల బిడ్డలకొరకు ప్రత్యేకముగా లెక్కల బడులుండెడివి. వడ్డీ, పొత్తు వ్యాపారములో వాటాలు, నాణెముల మారకము, తూనికలు, కొలతలు ఆ బడులలో నేర్పెడివారు.

అక్కడ నేర్పిన అంకెలు మన దేశమునుండి వెళ్లినవే. భారతదేశమున పుట్టిన స్థానమానపు అంకెలు అరబ్బుల ద్వారా పడమటికి చేరగా, పీసా నగరవాసి లియొనార్దో 1202లో వ్రాసిన గ్రంథమున వాటితో వర్తకపు లెక్కలు చేయు విధమును చూపెను. ఫిబొనాచ్చి యని ప్రసిద్ధి కెక్కినవాడు ఆయనయే. దానికి మూడు వందల యేండ్లకు ముందే, తొమ్మిదవ శతాబ్దిలో, రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున జైన గణితవేత్త మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. అందు ధనము, ఋణము అను రెండు విధముల సంఖ్యలకు నియమములును, వడ్డీ లెక్కలును కలవు. పావులూరి మల్లన ఆ గ్రంథమును తెనుగు చేసెను. ఆ సంస్కృత గ్రంథమే హిందీ అనువాదముతో 1963లో అచ్చయినది. అచ్చువేసినది షోలాపూర్‌లోని జైన సంస్కృతి సంరక్షక సంఘము, తమ జీవరాజ జైన గ్రంథమాలలో. కావున ధనము, ఋణము అను జంట ఈ ఊరికిగాని, ఈ సమాజమునకుగాని పరాయిది కాదు. ఆ జంటను వర్తకుని ప్రతి పద్దులోనికి తెచ్చి కూర్చిన క్రమమును తెలుపుటయే పచోలీ చేసిన పని.

వెనిసు నగరమున

సుమారు 1464లో పచోలీ వెనిసు నగరము చేరెను. అది నాడు తూర్పు, పడమరల సరకు చేతులు మారు మహానగరము. మిరియము, పట్టు, ఉన్ని, ఉప్పు అక్కడి రేవులో దిగెడివి. అంతోనియో రొంపియాసి అను వర్తకుని యింట ఆయన కుమారులకు చదువు చెప్పుచు పచోలీ బ్రదుకు సాగించెను. యజమాని సరకుతో ఓడలమీద ప్రయాణము చేసెను. తీరిక వేళల గణిత పండితుల ఉపన్యాసములు వినెను. పగలు గోదాములో సరకు లెక్క, సాయంకాలము బల్లపై చిట్టా లెక్క చూచుచు వర్తకుని మనస్సును లోపలినుండి తెలిసికొనెను. 1470లో ఆ వర్తకుని కుమారులకొరకు ఒక అంకగణిత గ్రంథమును కూడ వ్రాసెను.

ఆ యింట ఉండి తానును వర్తకుడు కావచ్చును. అట్లు చేయలేదు. రోమునగరమునకు పోయి, గొప్ప వాస్తుశాస్త్రవేత్తయైన లియోన్ బత్తిస్తా అల్బెర్తి వద్ద కొంతకాలముండి, తరువాత ఫ్రాన్సిస్కన్ సన్యాసుల సంఘమున చేరెను. ఆ సంఘమువారు ఆస్తి లేకుండుటను వ్రతముగా పట్టినవారు. అప్పటినుండి ఆయన ఊరూర తిరుగు ఉపాధ్యాయుడయ్యెను. 1477లో పెరూజియాలోను, 1481లో సముద్రమునకు ఆవలిదరినున్న జారాలోను, పిమ్మట రోము, నేపుల్సు నగరములలోను గణితము చెప్పెను. పోపుగారు ఆయనకు కొన్ని ప్రత్యేక హక్కు లిచ్చియుండుటచే స్వంత ఊరి సన్యాసులకే కన్ను కుట్టెను. 1491లో సాన్సెపోల్‌క్రోలో పాఠములు చెప్పరాదని ఆయనను నిషేధించిరి. రెండేండ్లకే, 1493లో, అదే ఊరివారు పండుగ ముందరి ఉపవాస దినములలో ప్రసంగములు చేయుమని ఆయనను ఆహ్వానించిరి.

1494 నాటి మహాగ్రంథము

ఇరువది యేండ్ల బోధనను పచోలీ ఒక్క పుస్తకమున నింపెను. అంకగణితము, బీజగణితము, క్షేత్రగణితము, నిష్పత్తులు అన్నియు కలిసి ఆరువందల పుటలకు మించిన ఆ గ్రంథము 1494లో వెనిసులో అచ్చయ్యెను. సంక్షేపముగా దానిని సుమ్మా అందురు. పండితుల లాటినులో గాక, బజారువారికి తెలియు ఇటలీ భాషలో దానిని వ్రాసెను. మల్లన గణితమును తెనుగు చేసినపుడు ఏ మేలు జరిగెనో, ఇటలీలోను ఆ మేలే జరిగెను. గుమాస్తా చేతికి శాస్త్రము వచ్చెను.

ఆ మహాగ్రంథమున వర్తకుల లెక్కలకు కేటాయించినది సుమారు 27 పుటలు, 36 అధ్యాయములు మాత్రమే. నేడు ప్రపంచమంతయు పచోలీని తలచుకొనుచున్నది ఆ కొద్ది పుటల వలననే. జంటపద్దు విధానమును ఆయన కనిపెట్టలేదు. ఆయన పుట్టుటకు నూరేండ్లకు ముందే, 1340లో, జెనోవా నగరపు ప్రభుత్వ లెక్కలు ఆ విధముగా వ్రాయబడినవి. రాగూసా వర్తకుడు బెనెదెత్తో కొత్రూల్యి 1458లోనే దీనిని గూర్చి వ్రాసెను గాని ఆ వ్రాత 1573వరకు అచ్చు కాలేదు. తాను చెప్పుచున్నది వెనిసు వర్తకుల పద్ధతి యని పచోలీయే తన పుస్తకమున స్పష్టముగా తెలిపెను. కొన్ని గద్దెల చుట్టు మాత్రమే తిరుగుచున్న విద్యను అందరికిని అందించుట ఆయన ఘనత.

మూడు పుస్తకములు, రెండు మాటలు

లెక్క ప్రారంభించుటకు ముందు వర్తకుడు తనకున్నదంతయు జాబితా వ్రాయవలెనని పచోలీ నియమము. నగదు, నగలు, ఇల్లు, సరకు, రావలసిన బాకీలు, తీర్చవలసిన అప్పులు ఒక్కటియు విడువక ఒకే దినమున వ్రాయవలెను. పరిగ్రహ పరిమాణ వ్రతము పట్టు శ్రావకునకు ఇందలి అవసరము వెంటనే తెలియును. ఎంత ఉన్నదో తెలియనివాడు ఇంత చాలునని హద్దు పెట్టుకొనలేడు గదా.

తరువాత మూడు పుస్తకములు. మొదటిది కచ్చా చిట్టా. జరిగినది జరిగినట్లు అప్పటికప్పుడు అందు వ్రాయుదురు. వ్రాత వచ్చినచో ఇంటి ఆడవారు కూడ దానిలో వ్రాయవచ్చునని పచోలీ చెప్పెను. రెండవది పక్కా చిట్టా. మూడవది ఆవర్జా, అందు ప్రతి ఖాతాకు ఎడమ ప్రక్క ఒకటి, కుడి ప్రక్క ఒకటి స్థానములుండును. పుస్తకము మొదట దైవనామమును, మతచిహ్నమును ఉంచవలెను. దీపావళినాడు చోపడా పూజ చేసి శ్రీకారము చుట్టువారికి ఇది వింత గాదు.

పక్కా చిట్టాలో ప్రతి పద్దును రెండు మాటలతో వ్రాయవలెనని పచోలీ చెప్పెను. పుచ్చుకొన్న ఖాతాకు ముందు పెర్ అనియు, ఇచ్చిన ఖాతాకు ముందు ఆ అనియు వ్రాయుదురు. టాలీలో జర్నల్ పద్దు తెరచినచో డెబిట్ ఖాతాకు ముందు బై అనియు, క్రెడిట్ ఖాతాకు ముందు టు అనియు కనబడుట చూచినవారికి, ఆ ఇటలీ మాటలకు ఇవి ఎంత దగ్గరివో తెలియును. ఇక డెబిట్ అను పదము బాకీపడుట అను అర్థముగల లాటిను మాటనుండియు, క్రెడిట్ అను పదము నమ్ముట అను అర్థముగల మాటనుండియు పుట్టినవి. పుచ్చుకొన్నవాడు బాకీపడినవాడు, అది డెబిట్. నమ్మి ఇచ్చినవాడు రావలసినవాడు; అది క్రెడిట్. ఖాతా మనిషిదైనను, నూలుదైనను, నగదు పెట్టెదైనను నియమము మారదు.

దాజీ పేట్‌లో ఒక చద్దర్ల వ్యాపారి సావుకారు వద్ద 50,000 రూపాయల నూలు అరువు తెచ్చెననుకొందము. పుచ్చుకొన్నది నూలు ఖాతా, కనుక అది డెబిట్. ఇచ్చినవాడు సావుకారు, కనుక ఆయన ఖాతా క్రెడిట్. తరువాత హైదరాబాదు దుకాణమునకు 30,000 రూపాయల చద్దర్లు అరువు మీద పంపెను. దుకాణము డెబిట్, అమ్మకముల ఖాతా క్రెడిట్. కొన్నాళ్లకు ఆ దుకాణమువారు 20,000 రూపాయలు నగదుగా కట్టిరి. ఇపుడు పుచ్చుకొన్నది నగదు పెట్టె, అది డెబిట్. ఇచ్చినది దుకాణము, అది క్రెడిట్. నిలువలు తీసి చూచినచో, డెబిట్ ప్రక్క నూలు 50,000, దుకాణము 10,000, నగదు 20,000, వెరసి 80,000. క్రెడిట్ ప్రక్క సావుకారు 50,000, అమ్మకములు 30,000, వెరసి 80,000. రెండు ప్రక్కలు సరితూగినవి. దీనినే అంకణా అందురు. పుస్తకము ముగించునపుడు ఇట్లు సరిచూడవలెనని పచోలీ ఐదు శతాబ్దుల క్రిందటనే నియమించెను.

ఇందు చాలమంది తడబడుటకు కారణము పాత బహీలోనే ఉన్నది. పాత రోకడ బహీలో డబ్బు వచ్చినపుడు ఎడమ ప్రక్క జమ అని వ్రాసెడివారు. దానిని చూచి, డబ్బు వచ్చుటయే జమ యని మనసున నాటుకొనినది. నిజమునకు ఆ జమ డబ్బుది కాదు, డబ్బు ఇచ్చినవానిది. రోకడ పుస్తకమే నగదు ఖాతా గనుక నగదు పేరు వేరుగ వ్రాయవలసిన పని లేకుండెను. కంప్యూటరులో రెండు పేర్లును కనబడును. నగదు డెబిట్, ఇచ్చినవాడు క్రెడిట్. పైగా బహీలో జమ ఎడమ ప్రక్క, నావె కుడి ప్రక్క. కంప్యూటరులో డెబిట్ ఎడమ, క్రెడిట్ కుడి. ప్రక్కలు మారినవి గాని ధర్మము మారలేదు.

బ్యాంకు విషయమును అంతియే. ఖాతాలో సొమ్ము వేసిన వెంటనే క్రెడిట్ అయినదని బ్యాంకువారు సమాచారము పంపుదురు. అది బ్యాంకువారి పుస్తకమునందలి మాట. సొమ్ము వేసిన వర్తకుడు వారిని నమ్మి ఇచ్చినవాడు, కనుక వారి పుస్తకమున ఆయన క్రెడిట్. ఆ వర్తకుని పుస్తకమున పుచ్చుకొన్నది బ్యాంకు, కనుక బ్యాంకు డెబిట్. ఒకే సొమ్మును ఇద్దరు ఎదురెదురుగా నిలిచి చూచుటయే గాని ఇందు విరోధము లేదు.

రెండు పుస్తకములవారు

పచోలీ కాలమునను రెండు విధముల పుస్తకములు పెట్టువారుండిరి. కొనువానికి చూపుట కొకటి, అమ్మువానికి చూపుట కొకటి. ఆయన వారిని గట్టిగా మందలించెను. వర్తకులు తమ పుస్తకములను అధికారుల కచేరికి తీసికొనిపోయి ముద్ర వేయించు ఆచారము మంచిదని చెప్పెను. తత్త్వార్థ సూత్రమున సత్యాణువ్రతమునకు చెప్పిన అతిచారములలో కూటలేఖక్రియ యొకటి. దొంగ వ్రాత వ్రాయుట అని దాని భావము. వేరు దేశమున, వేరు మతమున పుట్టిన సన్యాసి కూడ అదే స్థానమున వేలు పెట్టి చూపెను.

జంటపద్దు ఉన్నంత మాత్రమున సత్యము తనంతట రాదు. నూలు ఖాతాలో పడవలసిన పద్దు ఇంటి ఖర్చులో పడినను రెండు ప్రక్కలు సరిగానే కూడును. ఇచ్చినవాని పేరు మార్చి వ్రాసినను అంకణా కలియును. లెక్క సరిపడుట యొకటి, లెక్క నిజమగుట మరియొకటి. మొదటిది కూడికవలన తెలియును. రెండవది వ్రాసినవాని మనస్సాక్షికే తెలియును.

మిలాను నగరమున

సుమ్మా అచ్చైన తరువాత పచోలీ కీర్తి వ్యాపించెను. 1495 నాటిదని చెప్పబడు ఒక చిత్రపటమున ఆయన సన్యాసి వస్త్రములతో పలకమీద రేఖాగణితము చూపుచు నిలిచియున్నాడు. కొలదికాలమునకు మిలాను ప్రభువు లుదోవికో స్ఫోర్జా ఆయనను తన ఆస్థానమునకు పిలిపించెను. అక్కడ లియొనార్దో దా విన్చీతో స్నేహము కుదిరెను. ఆ మహాచిత్రకారుడు అదివరకే సుమ్మాను వెలపెట్టి కొని, ఆ వెలను తన పుస్తకమున వ్రాసికొనియుండెను. ఆయన పచోలీ వద్ద గణితము తెలిసికొనగా, పచోలీ వ్రాసిన దివ్యానుపాత గ్రంథమునకు ఘనాకృతుల బొమ్మలు వేసి ఇచ్చెను. 1499లో ఫ్రెంచి సేనలు మిలానును పట్టుకొనగా స్నేహితు లిద్దరును ఆ నగరమును విడిచి ఫ్లోరెన్సు చేరిరి.

1508లో వెనిసులో, వర్తకుల కేంద్రమగు రియాల్తో సమీపమునున్న ఆలయమున, పచోలీ యూక్లిడు గణితముపై ఉపన్యసించెను. ఐదువందలమంది శ్రోతలు వచ్చిరని చెప్పుదురు. మరుసటి యేడు, 1509లో, దివ్యానుపాత గ్రంథము అచ్చయ్యెను.

ఆ గ్రంథము ఆయనకు కీర్తితోపాటు ఒక మచ్చను కూడ తెచ్చెను. దానిలో కడపటి భాగము, ఆయన ఊరివాడేయైన చిత్రకారుడు పియెరో దెల్లా ఫ్రాన్చెస్కా లాటినులో వ్రాసిన గ్రంథమునకు ఇటలీ అనువాదము. అందు పియెరో పేరు మూలకర్తగా కనబడదు. 1550లో వసారి అను చరిత్రకారుడు ఇది చౌర్యమని నిందించెను. సుమ్మాలో పియెరోను మిక్కిలి శ్లాఘించినవాడు, వర్తకపు లెక్కలలో వెనిసువారికి దక్కవలసినది దక్కనిచ్చినవాడు, ఇక్కడ మాత్రము ఇచ్చినవాని పేరు వ్రాయలేదు. పుచ్చుకొన్న ఖాతా కనబడి, ఇచ్చిన ఖాతా కనబడని పద్దు అది. ప్రతి పద్దునకు రెండు ప్రక్కలుండవలెనని లోకమునకు నేర్పినవాని జీవితములోనే ఒక పద్దు ఒంటరిగా మిగిలిపోయెను. లెక్క నేర్చుట సులభము, లెక్కప్రకారము నడచుట కష్టమనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

వార్ధక్యమున పచోలీ తన ఊరి మఠమునకు అధిపతియయ్యెను. 1514లో పోపు పదవ లియో ఆయనను రోమున బోధించుటకు పిలిచెను. 1517లో స్వగ్రామమున కన్ను మూసెను.

ఆయన తరువాత

1523లో సుమ్మా తిరిగి అచ్చయ్యెను. 1543లో ఆంట్వెర్పునందును, లండను నగరమునందును ఈ విధానమును తెలుపు పుస్తకములు వెలువడెను. క్రమముగా ఓడల వెంట ఆ లెక్క ప్రపంచమంతట వ్యాపించెను. గ్రంథమునకు ఐదువందల యేండ్లు నిండిన 1994లో ఇటలీ ప్రభుత్వము ఆయన రూపముతో 500 లీరాల నాణెము ముద్రించెను.

మన దేశమున ఈ విద్య కంప్యూటరులోనికి వచ్చిన వృత్తాంతములోను బట్టల మిల్లులకు సంబంధము కలదు. మిల్లులకు ముడిసరకు, యంత్రభాగములు సరఫరా చేయు శ్యాంసుందర్ గోయెంకా తన లెక్కలకు తగిన సాఫ్ట్‌వేర్ దొరకక, గణితము చదివిన తన కుమారుడు భరత్ గోయెంకాచే ఒకటి తయారు చేయించెను. 1986లో మొదలైన ఆ పనియే నేటి టాలీ. కచ్చా చిట్టానుండి పక్కా చిట్టాకు, అక్కడనుండి ఆవర్జాకు ఎక్కించుటకు గుమాస్తాకు రాత్రులు పట్టెడిది. ఇపుడది మీట నొక్కిన క్షణములో జరుగుచున్నది. రెండు ప్రక్కలు సరిపడని పద్దును కంప్యూటరు స్వీకరింపదు. కాని ఆవర్జాలోనికి పద్దు ఎక్కుట కంటికి కనబడదు గనుక, నేర్చుకొనువారు దానిని ఒక్కమారైన కాగితముమీద తమ చేతితో వ్రాసి చూచుట మంచిది.

ప్రతి పద్దు వద్దను ఆగి వేసికొనవలసిన ప్రశ్నలు రెండే. ఎవరు పుచ్చుకొనిరి? ఎవరు ఇచ్చిరి? ఈ రెంటికి నిజమైన జవాబు వ్రాసినచో మిగిలిన కూడికలు యంత్రము చూచుకొనును. క్రెడిట్ అను మాటలో నమ్మకము దాగియున్నది. దాజీ పేట్‌లో నేతగానిని నమ్మి నూలు ఇచ్చిన సావుకారు పేరును, సావుకారును నమ్మి చద్దరు నేసిన వాని కూలియు పుస్తకములో సరిగ నిలిచినంతకాలము ఆ వ్యాపారము నిలుచును.